వేడి ఇంజినుకు తడి గోనె

ఆ ఆదివారం ఉదయం ఆయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదింటికి బేరం వస్తుంది, పదిన్నరకు పాత మెషీన్ గేటు దాటుతుంది, పదకొండింటికి ఆ డబ్బుతో ఇంకో మంచి మెషీన్‌కి అడ్వాన్సు కట్టేస్తారు. ఏ పని అప్పజెప్పినా "ఢోకా లేదు" అంటూ మొదలుపెట్టే మనిషి కాబట్టి ఆయన్ని అందరూ ఢోకాలేదుగారు అనే పిలుస్తారు. అసలు పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

అమ్మదలచింది రబ్బరు పట్టాల మీద నడిచే చిన్న లోడరు. ఇరుకు సందుల్లోనూ బురదలోనూ దూరి మట్టి ఎత్తిపోస్తుంది. నాలుగేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. కొన్ననాటి నుంచీ అది వారంలో మూడు రోజులు ఆయన దగ్గర, నాలుగు రోజులు మెకానిక్ దగ్గర కాపురం చేసింది. ఇప్పుడు పట్టాలు రెండూ అరిగిపోయాయి. మార్చాలంటే మెషీన్ ధరలో సగమవుతుందని మెకానిక్ తేల్చేశాడు.

ఆయన భార్య హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. ఆమె కూడా ఒక మాట తేల్చేసింది.

"ఇవాళ అమ్ముడుపోతే సరే. పోలేదా, రేపట్నుంచి మా తమ్ముడి గోడౌన్‌లో సూపర్‌వైజరుగా చేరండి. వాడు ఏడాదిగా అడుగుతున్నాడు."

కిరాయికి మట్టి పనులు చేసుకునే ఢోకాలేదుగారు ఇరవై ఏళ్లుగా ఎవరి కిందా పనిచెయ్యలేదు. అదే ఆయన గర్వం, ఆయన ఆస్తి. అలాంటిది, పెళ్లి పందిట్లో తన ఒళ్లో నిద్రపోయిన బావమరిది కింద చేరడమా!

చిక్కల్లా ఒక్కటే. ఆ మెషీన్ చల్లగా ఉన్నప్పుడు ఓ పట్టాన స్టార్టవదు. దగ్గుతుంది, తెల్లపొగ కక్కుతుంది. వేడెక్కాక మాత్రం బంగారం. అయితే పాత మెషీన్లు కొనేవాళ్లు ఆకు చాటు పిందెలు కాదు. రాగానే ఇంజిను మూత మీద చెయ్యి పెడతారు. వెచ్చగా తగిలిందా, ముందే స్టార్ట్ చేసి ఉంచారని పసిగడతారు. దీనికి ఢోకాలేదుగారు రాత్రంతా ఆలోచించి విరుగుడు కనిపెట్టారు. ఏడింటికే ఇంజిను ఆన్ చేసి వదిలేశారు. మూత మీద తడి గోనె కప్పి, బేరం వచ్చే ముందు ఇంజిను ఆపేసి గోనె తీసేస్తే, పైన చల్లగా, లోపల వెచ్చగా ఉంటుంది.

గోనె తడిపే బాధ్యత మామగారికి ఒప్పజెప్పారు. ఆయన రిటైరైన లైన్‌మన్. ఏ పనీ అరకొరగా చెయ్యరు.

"మామయ్యగారూ, మూత చల్లగా ఉండాలి. నేను చెప్పేదాకా నీళ్లు చల్లుతూ ఉండండి."

"ఒక్క సంచేనా అల్లుడుగారూ? ఇంత మెషీన్‌కి ఒక్కటి ఏ మూలకి?"

"మీ ఇష్టం, చల్లగా ఉంటే చాలు," అనేసి ఢోకాలేదుగారు గడ్డం గీసుకోవడానికి వెళ్లారు.

సగం గడ్డం అయ్యేసరికి, అంటే సరిగ్గా తొమ్మిదింటికి, ఒక వ్యాను గేటు లోపలికి వచ్చి ఆగింది. మొక్కల నర్సరీ నడిపే పెద్దావిడ దిగింది. బేరం ఆవిడదే.

"పదింటికి కదమ్మా..." అన్నారు ఢోకాలేదుగారు, నురగ తుడుచుకుంటూ.

"పాత మెషీన్ కొనేటప్పుడు గంట ముందే వెళ్తానండి. అదో అలవాటు. ఆ చప్పుడేంటి?"

"పక్కింటివాళ్ల నీళ్ల మోటారు. రండి, లోపల కూర్చుందాం."

కాఫీ పట్టుకొచ్చిన భార్య ఆగిపోయింది. "పక్కింటివాళ్లు ఊరెళ్లి నాలుగు రోజులైందిగా!"

"అందుకేగా మోగుతోంది. ఆపేవాళ్లేరీ?" అన్నారు ఆయన తొణక్కుండా.

ఈ గండం గడిచిందనుకునేలోపు భార్య మరో మేలు చేసింది. కొనేవాళ్లకు ఏదీ దాచకూడదన్నది ఆమె సిద్ధాంతం. నాలుగేళ్ల రిపేరు బిల్లులన్నీ తేదీలవారీగా అతికించిన ఫైలు తెచ్చి నర్సరీ ఆవిడ చేతిలో పెట్టింది. ఆ ఫైలు ఎత్తడానికే రెండు చేతులు కావలసి వచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పరీక్ష తప్పిన కుర్రాడు మార్కుల కాగితం వంక చూసినట్టు ఢోకాలేదుగారు ఆ ఫైలు వంక చూస్తూ కూర్చున్నారు.

పెరట్లో మామగారు తన పని తాను చేసుకుపోతున్నారు. ఒక సంచి రెండయింది, రెండు అయిదయ్యాయి. చివరికి ఇంట్లో ఉన్న పదకొండు సంచులూ మెషీన్‌కి చుట్టేశారు. ఇంజినుకు గాలి వెళ్లే వెనక జల్లెడ కూడా మూసుకుపోయింది. కాసేపటికి రేడియేటర్ గొట్టం ఫట్టున పగిలింది. ఆవిరి బుస్సుమని లేచింది. మామగారు దాన్ని పొగ అనుకున్నారు. మెషీన్ అంటుకుంటే పక్కనున్న ఇల్లు అంటుకుంటుందని గుండె గుభేలుమంది. నాలుగేళ్లుగా అల్లుడు నడపగా చూస్తున్నదే కదా, ఉన్నవి రెండు లీవర్లే కదా అని ఎక్కి కూర్చుని, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ లాగారు. అలా లాగితే ఆ మెషీన్ ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుందని ఆయనకెవరూ చెప్పలేదు. అది రెండుసార్లు గిర్రున తిరిగి, ఆయన కంగారులో లీవర్లు మార్చేసరికి గేటు దాకా ఉరికి, ఎడమ పట్టా ఊడగొట్టుకుని దారికి అడ్డంగా చతికిలబడింది. వ్యాను లోపలే ఉండిపోయింది.

అందరూ బయటికి పరుగెత్తుకొచ్చారు.

"ఇల్లు కాపాడాను అల్లుడుగారూ!" అన్నారు మామగారు సీటు మీద నుంచి.

ఇంకొకరైతే తల పట్టుకునేవారు. ఢోకాలేదుగారు ఛాతీ విరుచుకున్నారు.

"చూశారామ్మా? మా మామగారికి డెబ్బై రెండేళ్లు. పుట్టి బుద్ధెరిగి లోడరు ఎక్కలేదు. ఆయనే నడిపేశారంటే ఎంత సులువో ఆలోచించండి."

"పట్టా ఊడింది కదండీ?"

"వేరే మెషీన్లకి పట్టా ఊడదియ్యాలంటే ఒక పూట పడుతుంది. దీనికి అర నిమిషం."

"మరి ఆ ఆవిరి?"

"లోపలి వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుందమ్మా."

"మరి ఈ గోనెసంచులు?"

దానికి మాత్రం జవాబు ఆవిడే చెప్పింది.

"ఇప్పుడు నా దగ్గరున్న మెషీన్ అమ్మినవాడూ ఇదే చేశాడండి. వాడు రెండు సంచులతో సరిపెట్టాడు."

భార్య ఆయన వైపు తిరిగింది. కాపీ కొడుతూ దొరికినవాణ్ణి చూసే చూపు ఒకటి చూసింది. ఢోకాలేదుగారికి నిజంగానే సిగ్గేసింది. మెషీన్ మీద మిగిలిన సంచులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు.

మెషీన్ కదిలితే తప్ప వ్యాను కదలదు. మెకానిక్‌ని పిలిపించారు. అతను కొత్త గొట్టం బిగించి, పట్టాను బిగుతుగా ఉంచే గ్రీజు వదిలించాడు. మామగారు గునపం పట్టారు. నర్సరీ ఆవిడ చీరకొంగు బిగించి, "అటు కాదు, ముందుగా వెనక చక్రానికి తగిలించండి," అంటూ పని చెప్పింది. ఢోకాలేదుగారు బురదలో మోకాళ్ల మీద కూర్చుని పట్టా మళ్లీ బిగిసేలా చేతులు పడిపోయేదాకా గ్రీజు కొట్టారు. పట్టా ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. ఈలోగా ఆవిడ ఫైలు చివరి పేజీ దాకా చదివేసింది.

"ఇందులో అన్నిటికీ బిల్లులున్నాయి గానీ, ఇంజిన్ని ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గులకి లేదే. ఎప్పుడూ మార్చలేదా?"

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు.

"అందుకే చల్లగా ఉంటే స్టార్టవట్లేదు. గంట పని," అంది ఆవిడ ఫైలు మూస్తూ. "పంపు కొత్తది. పట్టాలు తిప్పే మోటార్లు నిరుడే మార్చారు. మిగిలినవి పట్టాలూ ప్లగ్గులే. అవి వేసుకుంటే నాలుగేళ్లు రిపేర్ల జోలికి వెళ్లక్కర్లేదు. మీరడిగిన ధరకే తీసుకుంటాను. సంచులు మాత్రం వద్దు."

ఢోకాలేదుగారికి ప్రాణం లేచొచ్చింది. గ్రీజు చెయ్యే చాచబోయారు.

"ఆగండి," అంది భార్య. "అంటే నాలుగేళ్లు ఖర్చులు మేం పడి, ఆ తర్వాతి సుఖం మీకిస్తున్నామా?"

"పాత మెషీన్ అమ్మడమంటే అదేనమ్మా," అంది ఆవిడ ఉన్నదున్నట్టుగా.

"అయితే ఇవ్వం. నేనే కొంటాను."

"ఎవరి దగ్గర?" అన్నారు ఢోకాలేదుగారు, అర్థంకాక.

"మీ దగ్గరే. పట్టాలకీ ప్లగ్గులకీ డబ్బు నేను పెడతాను. కాగితాలు నా పేర మార్చండి. మీరు నడపండి. గోనెలు కప్పేవాళ్ల పేర మెషీన్ ఉండకూడదు. మా తమ్ముణ్ణి ఇంకో మనిషిని చూసుకోమంటాను."

బావమరిది గండం తప్పినందుకు ఆయన మొహం వెలిగిపోయింది. మిగతా మాటలు చెవిలో పడి, తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది.

మెకానిక్ మెషీన్‌ని పక్కకు తీశాడు. నర్సరీ ఆవిడ వ్యాను ఎక్కి అద్దం దించింది. బేరం పోయిన బాధ ఆవిడలో ఏమీ లేదు.

"కొనుక్కోనివ్వకపోతే కిరాయికైనా పంపండి. నా నర్సరీ వెనక రెండెకరాలు చదును చెయ్యాలి. గంటకి ఎంత తీసుకుంటారు?"

ఢోకాలేదుగారు గొంతు సవరించుకున్నారు. నాలుక చివరిదాకా వచ్చిన అంకెను మింగేసి, మోచేతుల గ్రీజు తుడుచుకుంటూ భార్య వైపు చూపించారు.

"ఓనరుగారిని అడగండి."