గుర్తింపు లేని ప్రకృతి

"ప్రకృతి ఒడిలో గడపని బాల్యం బాల్యమే కాదు!"

ఈ మహావాక్యాన్ని బడివాళ్ళు రంగుల్లో అచ్చు వేయించి, ఆరంతస్తుల భవనం లిఫ్టులో, గాలీ వెలుతురూ చొరబడని చోట చూసి మరీ అంటించి వెళ్ళారు. దాని కిందున్న చిన్న అక్షరాలను మూడో అంతస్తు నానమ్మ కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది. పిల్లలు రోజుకో గంట ప్రకృతిలో గడపాలి. గడిపినట్టు ఫారం నింపి పంపాలి. ప్రకృతి చాలని పిల్లలను సెలవుల్లో నెల రోజులు కొండల మీది శిబిరానికి తీసుకెళ్తారు.

నెల రోజులన్న మాట దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తానని ఆస్పత్రికి వెళ్ళిన ఇంటాయన మరి రాలేదు. అప్పటినుంచీ ఎవరైనా ఇన్ని రోజులని చెప్పి వెళ్తుంటే ఆవిడకు నమ్మకం కుదరదు. మనవరాలు బడి బస్సెక్కితే, బస్సు మలుపు తిరిగేదాకా కదలని మనిషి. ఏడేళ్ళ ఆ పిల్లను ఇంటిల్లిపాదీ పిట్ట అంటారు. ఆ పిట్ట నెల రోజులు కంటికి కనబడకపోతే?

ఆ సాయంత్రమే పిట్టను వెంటబెట్టుకుని భవనం వెనకున్న ఖాళీ స్థలానికి వెళ్ళింది. అక్కడ పిచ్చిమొక్కలు, ఇటుకల గుట్ట, వాన పడితే ఓ బురదగుంట. పిట్ట బోర్లా పడుకుని గంటసేపు చీమల బారు చూసింది. లేచేసరికి గౌను మట్టికొట్టుకుపోయింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. నానమ్మ ఫారంలో ఉన్నదున్నట్టు రాసింది. చూసిన ప్రకృతి: చీమలు. నేర్చుకున్నది: పెద్ద రొట్టెముక్క దొరికితే చీమలు కూడా చెరో వైపు లాగుతాయి.

రోజూ అలాగే వెళ్ళారు, అలాగే రాసి పంపారు. పది రోజులకు ఫారాలన్నీ ఎర్ర సిరాతో తిరిగొచ్చాయి. "గుర్తింపు లేని ప్రకృతి. ఫోటో జత చేయలేదు. గడిపిన గంటలు: సున్నా."

కోడలు తల పట్టుకుంది.

"మీరు మరీ అత్తయ్యా. ఎవరైనా నిజంగా వెళ్తారా? ఐదో అంతస్తు లాయరుగారింట్లో మొక్క కుండీ ఉంది. అందరూ దాంతోనే నెట్టుకొస్తున్నారు."

ఆ మాట అక్షరాలా నిజం. భవనంలోని నలభైమంది పిల్లల ప్రకృతి అంతా ఆ ఒక్క కుండీలోనే ఉంది. వాచ్‌మన్ దాన్ని చంకనెత్తుకుని లిఫ్టులో ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇంటికి పావుగంట చొప్పున వంతు. పిల్లలు టీవీ దగ్గర్నుంచి లేచొచ్చి, పక్కన నిలబడి ఫోటోకు నవ్వి, మళ్ళీ టీవీ దగ్గరికి పోతారు. కుండీ వేరని నమ్మించడానికి ఒకరు దానికి తువ్వాలు చుడతారు, ఇంకొకరు వెనకాల బొమ్మ జింకను పెడతారు. ఈ హడావిడిలో దానికి నీళ్ళు పోయాలని ఎవరికీ తోచలేదు. నలభైమందికి ప్రకృతిని పంచుతున్న ఆ మొక్కకు ఎండ తగిలి పదిహేను రోజులైంది.

నానమ్మ వంతు వచ్చింది. ఆవిడ జన్మలో అబద్ధమాడలేదని కాదు గానీ, అచ్చు ఫారం మీద ఆడటం అదే మొదలు. తడిబట్ట తెచ్చి ఆకులు ఒక్కొక్కటే తుడిచి, పిట్టను పక్కన నిలబెట్టింది.

"నానమ్మా, దీనికి చీమలేవీ?"

"నువ్వు నవ్వు తల్లీ," అంది.

రెండు వారాలకు హెడ్‌మిస్ట్రెస్ నుంచి కబురొచ్చింది. వెళ్తే ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించింది.

"మామ్మగారూ, మీ మనవరాలే మా ఉత్తమ ప్రకృతి బాలిక. బహుమతిగా నెల రోజుల శిబిరానికి అందరికన్నా ముందు తననే ఎంపిక చేశాం."

ప్రకృతి చాలనివాళ్ళకు శిక్షా శిబిరమే, చాలినవాళ్ళకు బహుమతీ శిబిరమే! నానమ్మ కుర్చీలో కూలబడింది. ఇక దాచలేకపోయింది. కుండీ తమది కాదని, ఫోటో అబద్ధమని, బహుమతి ఇంకెవరికైనా ఇచ్చుకోమని ఒక్క గుక్కలో చెప్పేసింది.

హెడ్‌మిస్ట్రెస్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలియదా అండీ? నలభై ఫోటోల్లోనూ ఒకటే కుండీ. ఆకులు తుడిచింది మీరొక్కరే. అందుకే బహుమతి." లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది. "శిబిరం గురించి దిగులు పడకండి. మేడ మీద హాల్లో కొండల బొమ్మ తెర కట్టిస్తున్నాం. ఒక్క పూటే. మధ్యాహ్నం భోజనానికి పాప మీ ఇంట్లో ఉంటుంది. కాకపోతే నాలుగు జతల బట్టలు పంపండి. ఫోటోల్లో నెలంతా ఉన్నట్టు కనబడాలి కదా."

"మరి కొండల మీదికి...?"

"కొండల మీద దోమలుంటాయండీ. మాకు పిల్లల ఆరోగ్యం ముఖ్యం."

నెల రోజులు ఒక్క పూటకు దిగొచ్చాయి. నానమ్మ ఆ దొడ్డ మనిషికి రెండు చేతులా దణ్ణం పెట్టి, ఈ సంగతి చచ్చినా బయటపెట్టనని మాటిచ్చి, మెట్లు కుర్రదానిలా దిగింది.

ఇంటికొచ్చేసరికి శిబిరం కబురు బడి బస్సులోనే పిట్ట చెవిన పడిపోయింది. మంచం మీద సంచీ తెరిచి పెట్టుకుని, తన గౌన్లన్నిట్లోకీ బాగా పాతది వెతికి అందులో పెడుతోంది.

"కొండెక్కేటప్పుడు ఇదేసుకుంటా నానమ్మా. ముళ్ళు తగిలి చిరిగినా అమ్మ తిట్టదు."

నానమ్మ ఆ పాత గౌను బయటికి తీసి, ఇస్త్రీ చేసిన కొత్త గౌన్లు నాలుగు సంచీలో సర్దింది.

"చిరగదులే తల్లీ," అంది, పిల్ల ముఖంలోకి చూడకుండా.