కిష్టప్ప తొడల బేరం

ఆ పొద్దున ఎండ ముదరకముందే మందను తోలుకుపోవాలనుకున్నాడు కిష్టప్ప. మోకాళ్లు ఒప్పుకోలేదు. ఎవరూ చూడటం లేదని తేల్చుకుని, మంచం పట్టె పట్టుకుని, మూలుగు మింగి లేచాడు. తండ్రి కాళ్లు మొరాయించిన రోజున గొర్రెలను అమ్మేస్తానని కొడుకు మల్లేశ్వర్ ఎప్పుడో చెప్పేశాడు. పెద్దేముల్‌లో తన కుంటు సంగతి ఒక్క గొర్రెలకే తెలుసని కిష్టప్ప నమ్మకం.

దొడ్డి తడిక తీసేలోగా మల్లేశ్వర్ తాండూరు ఆటో దిగాడు. పక్కన ఇస్త్రీ చొక్కా మనిషి. దోస్తు మహిధర్ అన్నాడే తప్ప ఏం పని చేస్తాడో చెప్పలేదు. కిష్టప్ప భార్య మైసమ్మ అడక్కుండానే చాయ్ పెట్టింది. వీడు గొర్రెలు కొనేవాడేనని కిష్టప్పకు అనుమానమొచ్చింది. మైసమ్మ ఊరికే చాయ్ పెట్టే మనిషి కాదు.

వచ్చినవాడు గొర్రెల వంక చూడనైనా లేదు. నాలుగడుగులు నడవమని కిష్టప్పనే అడిగాడు. తర్వాత తొడ పట్టి నొక్కాడు. కిష్టప్పకు ఒళ్లు మండింది. సంతలో పొట్టేలును కొనేవాళ్లు చేసేదీ ఇదే. ఇక పళ్లు చూడటమే తరువాయి. కాపరి పనైపోయిందని తేలితే మంద చవగ్గా వస్తుందని వీడి ఎత్తు.

“నాకేమైంది? సూడు,” అంటూ గొంతుక్కూర్చున్నాడు.

కూర్చోవడం బాగానే జరిగింది. లేవడమే కాలేదు. పక్కనే, దొడ్డి బయట మేస్తున్న పొట్టేలు కొమ్ము పట్టుకున్నాడు. అది బెదిరి ఉరికింది. వదిలితే పరువు పోతుందని ఆయన వదల్లేదు. ఇద్దరూ కలిసి తడిక మీద పడ్డారు. మంద మొత్తం రోడ్డెక్కింది. ఇస్త్రీ చొక్కాతో సహా అందరూ వెంటపడ్డారు. చివరికి మట్టిలో కూర్చునే కిష్టప్ప కూతేస్తే గొర్రెలు తిరిగొచ్చాయి. ఇక దాచడానికేమీ మిగలలేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

“అమ్ముకో బిడ్డా. కొనేటోణ్ణి తెచ్చుకున్నవ్ గద.”

“కొనేటోడు కాదే నాయినా, కీళ్లకు కసరత్ చేయించే డాక్టర్. ముందే చెప్తే మందను తోలుకొని మాయమైతవని చెప్పలే.”

మహిధర్ దుమ్ము దులుపుకున్నాడు. “వయసుకు కీళ్లు అరుగుతయి పెద్దాయినా. తొడల కండ తగ్గితే బరువంతా మోకాళ్ల మీదనే పడ్తది. కసరత్ చెయ్యాలె, రోజూ జర నడవాలె. గొర్లను అమ్మి మంచంల కూసుంటే ఉన్న బలం గూడ పోతది.”

మల్లేశ్వర్ పడిపోయిన తడికను లేపి కట్టాడు. అమ్మకం మాట అక్కడితో ఆగిపోయింది. కిష్టప్ప మంచం మీద కుదురుకుని, డాక్టర్‌కు ఇంకో చాయ్ పోయించాడు.

మహిధర్ వెళ్తూ వెళ్తూ పొట్టేలు దగ్గర ఆగి, దాని తొడ నొక్కాడు. “మస్తుగున్నది. అమ్ముతరా?”

కిష్టప్ప మంచం పట్టె పట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు.