ఆరున్నొకటి

సాయంత్రంలోగా ఏడు దాకా లెక్కపెట్టడం నేర్చుకోవాలని పెద్దసుబ్బయ్య ఆ పొద్దున నిశ్చయించుకున్నాడు. ప్రొద్దుటూరులో నలభై ఏళ్లుగా వేరుశనగ మూటలు లెక్కపెడుతున్న మనిషికి ఇదేం ఖర్మ అనుకోకండి. ఆయన లెక్కలో ఒకటి ఉండదు, లాభం ఉంటుంది. ఏడు అసలే ఉండదు. కొట్లో కూర్చుని ఏడుపు మాట ఎవరు పలుకుతారు? ఆరు తర్వాత ఆరున్నొకటి, ఆపైన ఎనిమిది.

చిక్కంతా కొడుకు తేజేశ్వర్ కట్టిన రాక్ పాటతో వచ్చింది. అతను డ్రమ్స్ వాయించేవాడు. "నాయనా, ఇది ఎన్ని దెబ్బల పాటో చెప్పు," అని ఒకసారి తండ్రికి వినిపించాడు. "నాలుగు," అన్నాడు పెద్దసుబ్బయ్య, లారీ వైపు చూస్తూ. "కాదు. మళ్లా విను." మళ్లీ వినే తీరిక దొరకలేదు. ఆ నెలలోనే మెదడువాపు జ్వరంతో తేజేశ్వర్ పోయాడు. ఏడాదయింది. తండ్రి కంట ఇంతవరకు చుక్క నీరు రాలేదు.

ఇవాళ సాయంత్రం ఊరి హాల్లో అతని సంస్మరణ సభలో ఆ పాట వాయిస్తారు. పాట ఎత్తుకునే ముందు గట్టిగా చెప్పే మొదటి లెక్క తానే వేస్తానని ఆయన పట్టుబట్టాడు. కొడుకు అడిగినదానికి అలాగైనా సరైన జవాబు చెప్పాలని ఆశ. ఆ పాట వినలేనని భార్య రాజ్యలక్ష్మమ్మ తెల్లవారుతూనే ఒంటిమిట్టలోని చెల్లెలింటికి బస్సెక్కింది.

తేజేశ్వర్‌తో కలిసి గిటారు వాయించిన శివాని ఫోనులో పాఠం మొదలుపెట్టింది. "పెద్ద డ్రమ్ము యాడ దుమ్మంటాదో ఆడ లాభం అనుకో పెదనాయనా. మళ్లా దుమ్మనేదాకా లెక్కపెట్టు."

ఆయన స్పీకరు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెద్ద డ్రమ్ము మోగినప్పుడల్లా గుండె మీద కొట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఆరున్నొకటి పూర్తయ్యేసరికి పాట ఆయన్ని వదిలి వెళ్లిపోతోంది.

"ఆ మాటకు రెండు దెబ్బలు పడతాండాయి. ఏడు అను చాలు."

"నోరు రాదమ్మా."

"లోపలే మింగొద్దు పెదనాయనా. ఏడు. గట్టిగా ఏడు."

సరిగ్గా ఈ చివరి మాటల దగ్గర హమాలీ ఓబుళేశు మూటతో లోపలికి వచ్చాడు. యజమాని గుండె బాదుకుంటున్నాడు, ఫోనులో ఎవరో ఏడవమంటున్నారు. అమ్మగారు పొద్దున బస్సెక్కడం అతను చూశాడు. మూట అక్కడే వదిలేసి పక్క కొట్టుకు పరుగెత్తాడు.

"అమ్మ పోయిందప్పా. సెట్టిగారు గుండెలు బాదుకుంటాండాడు."

కబురు రెండో కొట్టుకు చేరేసరికి బస్సు బోల్తా పడింది. నాలుగో కొట్టు దగ్గర లోయలో పడింది. ఆ దారిలో లోయ లేదని ఎవరికీ తోచలేదు. వీధిలో షట్టర్లు దిగాయి. హాలువాళ్లు సంతాపం ప్రకటించి, సభ రద్దు చేసి, తాళం వేసుకున్నారు.

పొద్దంతా కొట్లో పాట లెక్కలోనే మునిగి, సాయంత్రం పంచె మార్చుకోవడానికి ఇంటికి వచ్చిన పెద్దసుబ్బయ్యకు వాకిలి నిండా జనం కనిపించారు. కొడుకు కోసం వచ్చారనుకుని పొంగిపోయాడు. "అందరూ వచ్చినారు, శానా సంతోషం. పాట అయినంకనే పోవాల," అన్నాడు. పాపం మతి పోయిందని ఆడవాళ్లు ఇంకాస్త గట్టిగా ఏడ్చారు.

అప్పుడే ఆటో దిగింది రాజ్యలక్ష్మమ్మ. వాకిట్లో ఏడుపులు చూసి, భర్తే పోయాడనుకుని, సంచీ పారేసి తనూ అందుకుంది. పెద్దసుబ్బయ్య గబగబా మెట్లు దిగి వచ్చాడు. పోయిందన్న మనిషి ఎదురుగా నిలబడేసరికి జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎవరు పోయినారు?" అంది ఆమె.

"నువ్వేనమ్మా," అన్నాడు ఓబుళేశు.

ఇంతలో డ్రమ్ములున్న వ్యానులోంచి పూలదండతో శివాని దిగింది. రాజ్యలక్ష్మమ్మను చూసి దండ వెనక్కి దాచుకుంది. "హాలుకు తాళం వేసినారు పెదనాయనా."

పెద్దసుబ్బయ్య భార్య వైపు చూశాడు. "వినలేనని పోయినా. ఆడ ఉండలేకపోయినా," అందామె, అరుగు మీద కూర్చుంటూ.

"ఈడే వాయించండి," అన్నాడాయన.

బ్యాండు కుర్రాళ్లు డ్రమ్ములు దించి వీధిలోనే పెట్టారు. పెద్దసుబ్బయ్య కళ్లు మూసుకున్నాడు. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు..." నలభై ఏళ్లుగా పలకని మాట గట్టిగా పలికాడు. "ఏడు."

పెద్ద డ్రమ్ము సరిగ్గా పడింది. పాట సాగింది. ఆయన మాత్రం ఆ మాట దగ్గరే నిలిచిపోయి, ఏడాదిగా దాచిపెట్టుకున్నదంతా కార్చేశాడు. ఏడుస్తూనే ఏడేసి దెబ్బలూ గుండె మీద వేసుకున్నాడు. రాజ్యలక్ష్మమ్మ లేచి వచ్చి ఆయన రెండో చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు ఆ వీధిలో అంతమంది ఏడ్చారు గానీ, లెక్కప్రకారం ఏడ్చింది ఆయనొక్కడే.