నీలం నల్లా

నా భార్య దేవవ్వ మీద నాకు ఒక ఫిర్యాదు మిగిలిపోయింది. మనిషే పోయింది కదా, ఇంక వదిలెయ్యమని మీరంతా అంటారు. వదలను. విన్నాక మీరే చెప్పండి.

అప్పుడు మేం ఒమాన్‌లో, ఇబ్రిలో ఉండేవాళ్ళం. నేను ఒక గ్యారేజీలో రేడియేటర్ మేస్త్రీని. ఎండకు మరిగి దారిలో ఆగిపోయిన బండ్లు మా దగ్గరికి వచ్చేవి. ఇబ్రిలో ఎండకు కరువు లేదు, నాకు పనికీ కరువు లేదు. ఒక అరబ్బు ఇంటి వెనక చిన్న వాటా మాది. పడకగదికి ఏసీ ఉంది. వంటింటికి రేకు ఉంది.

ఆ రేకు కింద జూన్ నెలలో వండుతుంటే కూర ముందు ఉడుకుతుందో తాను ముందు ఉడుకుతుందో తెలియదని దేవవ్వ రోజూ అనేది. చివరికి గ్యారేజీలో పారేసిన ఒక పాత కూలర్ తెచ్చి, గడ్డి మార్చి, వంటింటి కిటికీకి బిగించాను. అడుగున తొట్టిలో నీళ్ళు, వాటిని గడ్డి మీదికి ఎక్కించే చిన్న పంపు, వెనక ఫ్యాను. పెళ్ళయ్యాక ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అదీ వారం నిలవలేదు.

ఎందుకంటే ఓంకార్ కంప్యూటర్ కొన్నాడు.

ఓంకార్ నా సడ్డకుడు. దేవవ్వ చెల్లెలి మొగుడు. సువైక్‌లో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ఏ మాట మొదలుపెట్టినా మూడో ముక్కకు ఏసీ దగ్గరికి వచ్చేవాడు కాబట్టి మా వాళ్ళు ఏసీ ఓంకార్ అనేవారు. అతని భార్య ఊళ్ళో ఉన్నంతకాలం చిన్నవ్వ. విమానం దిగేసరికి శ్రీవాణి అయింది.

ఫోన్ చేశాడు. "అన్నా, కంప్యూటర్ కొన్న. ఏసీ రూమ్‌ల పెట్టిన. గివి నీ అసుంటి రేకుల కొంపలల్ల నడవయి."

మరుసటి శుక్రవారానికి నా ఇంట్లోనూ కంప్యూటర్ ఉంది. కేరళకు వెళ్ళిపోతున్న ఒక అకౌంటెంటు అమ్మాడు. సూక్ బజారులో కంప్యూటర్లు బాగుచేసే హైదరాబాదు యాకూబ్ వచ్చి దాని మూత తీసి చూశాడు.

"మేస్త్రీ, గీ జంపర్ పిన్ను జర మారిస్తే తేజ్ ఉరుకుతది. మగర్ గరం అయితది."

"ఓంకార్ దానికంటే తేజా?"

"దానికి అబ్బ అయితది."

మార్చమన్నాను.

నాకు కంప్యూటర్‌తో వేరే పనేమీ లేదు. అందులో పేకాట ఉంది. అవతల మనుషులు అక్కర్లేని పేకాట. మనుషులతో నాకు మొదటినుంచీ పడదు. కానీ హాల్లో పెట్టిన ఆ పెట్టె రెండాటలు ఆడేసరికి వేడెక్కి బిగుసుకుపోయేది. పడకగదిలో పెడదామంటే మంచం తప్ప మనిషి నిలబడే చోటు లేదు.

"ఏసీ రూమ్‌ల పెట్టు మేస్త్రీ," అన్నాడు యాకూబ్.

ఆ మాట అతను అనకుండా ఉండాల్సింది.

"ఇంజన్ మరిగితే ఏసీల పెడ్తమా? నీళ్ళు పెడ్తం. దీనికి గూడ నీళ్ళే పెడ్త."

"అరే, ఇది పికప్ కాదు మేస్త్రీ!"

నేను విన్లేదు. రాగిరేకు ముక్క కోశాను. దాని మీద సన్నని రాగి గొట్టాన్ని జిలేబీలా చుట్టి టంకం పెట్టాను. దాన్ని కంప్యూటర్ లోపల వేడెక్కే బిళ్ళ మీద బిగించాను. పికప్ హీటర్లోది ఒక చిన్న రేడియేటర్, ఒక బకెట్, నాలుగు పైపులు. నీళ్ళు తిరగడానికి పంపు కావాలి. పంపు వంటింట్లో ఉంది.

ఆ సాయంత్రం పేకాట ఆగలేదు. దేవవ్వ వచ్చేదాకా.

"నా కూలర్ల ఉన్న పంపు ఏది?"

"కంప్యూటర్‌కు పెట్టిన."

"దానికేం పుట్టింది?"

"వేడైతున్నది."

"మరి నేను?"

"నువ్వు హ్యాంగ్ అయితలేవు గద."

ఆ పూట నాకు పొద్దుటి చల్లన్నం పెట్టింది. చల్లదనం మీద అంత పావురం, అంత ఇష్టం ఉన్నోడు తినాలె అంది.

మరునాడు పందెం తనే తెచ్చింది. వచ్చే శుక్రవారం చెల్లెలు, మరిది భోజనానికి వస్తున్నారు. "వాళ్ళు తిని లేసేదాంక నీ డబ్బ ఆగకుంట నడిస్తే నేను కూలర్ మాటెత్తనే ఎత్తను. ఆగిందో, పంపు నాదే, డబ్బ గుడ నాదే. నేనెట్ల చెప్తే అట్ల ఇనాలె."

ఒప్పుకున్నాను. ఓంకార్ ముందు గెలిచి, ఆమె నోరు కూడా మూయించవచ్చు. ఒకే వలకు రెండు చేపలు.

శుక్రవారం పొద్దున లేచి చూస్తే బకెట్లో పంపు లేదు.

"పంపు ఏది?"

"పంపిన."

"ఎటు?"

"దాని అత్తగారింటికి."

"పందెం పెట్టి పంపు దాస్తవా?"

"డబ్బ నడవాలె అన్న. పంపుతోని నడవాలె అన్ననా?"

వెతికితే ఓడినట్టే. వెతకలేదు. పంపు ఎందుకసలు? స్నానాల గదిలో నల్లా ఉంది. నల్లాకు పైపు తగిలిస్తే నీళ్ళు వాటంతట అవే వస్తాయి, కంప్యూటర్ గుండా పోయి కిటికీలోంచి బయట పడతాయి. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

పైపు బిగిస్తుంటే దేవవ్వ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏ నల్లాకు పెడ్తున్నవ్?"

"నీలం దానికి. ఎర్రదంటే ఉడుకు నీళ్ళు, నీలమంటే సల్ల నీళ్ళు. ఇన్నేండ్లయింది వచ్చి, గింత గుడ ఎర్క లేదా?"

"నాకేం ఎర్క. ఏడో తరగతి సదివినోనివి నువ్వు."

ఆమె నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే నా ఫిర్యాదులో మొదటి సాక్ష్యం.

తిప్పి చూశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. పేకాట పరుగెత్తింది. నల్లాను అట్లాగే తిప్పి ఉంచాను.

ఓంకార్ మిట్టమధ్యాహ్నం దిగాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. చెప్పులు విడుస్తూనే గోడలు వెతికాడు.

"ఏసీ ఏదన్నా?"

"నీకా, కంప్యూటర్‌కా? దానికైతే అక్కర్లేదు."

స్టూలు మీది పెట్టెనూ, అందులోకి పోయే పైపునూ చూశాడు. "గిదేందన్నా, దీనికి పానం బాగలేదా? గ్లూకోజ్ ఎక్కిస్తున్నవ్!"

శ్రీవాణి నవ్వుకుంటూ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. నేను ఆట మొదలుపెట్టాను. ఓంకార్ చెమట తుడుచుకుంటూ పక్కన కూర్చున్నాడు. అతని ముఖం వాడుతుంటే నా ముఖం వికసించింది.

కాసేపటికి అతను పైపు పట్టుకున్నాడు. "అన్నా, కాలుతున్నది!"

"కాలదా మరి? లోపలి వేడినంత గుంజుకొస్తున్నయి నీళ్ళు. గదే దాని గొప్పతనం."

ఓంకార్ పైపును అటు చూశాడు, ఇటు చూశాడు. "గీ పైపు లోపలికి పోయేది గదన్నా?"

నేను వినబడనట్టు ముక్క జరుపుతుండగా ఇస్పేటు రాణి తెర మధ్యలో బిగుసుకుపోయింది. మౌస్ కదిపాను. రాణి కదల్లేదు. దేవవ్వ లాగే చూస్తూ ఉండిపోయింది.

అంతలో మెత్తబడిన పైపు అతుకు దగ్గర ఊడింది. సలసలమనే నీళ్ళు ఓంకార్ పాదాల మీద పడ్డాయి. ఏసీ ఓంకార్ ఒక్క గంతులో సోఫా ఎక్కాడు. జీవితంలో మొదటిసారి ఏసీ పేరెత్తకుండా మాట్లాడాడు. ఆ మాటలు ఇక్కడ చెప్పను.

నేను ప్లగ్గు పీకి, స్నానాల గదికి పరుగెత్తి నీలం నల్లా పట్టుకున్నాను. వెంటనే వదిలేశాను. చెయ్యి కాలింది. తువ్వాలు చుట్టి మళ్ళీ పట్టుకుని తిప్పితే నీళ్ళు ఆగాయి.

వెనక్కి తిరిగితే దేవవ్వ.

"ట్యాంకు మిద్దె మీదున్నది. పొద్దెక్కితే నీలం నల్లాల ఛాయ్ కాసుకోవచ్చు. గీజర్ ఇంట్ల నీడకుంటది, ఎండకాలం బందుంటది, అండ్ల నీళ్ళు సల్లారి ఉంటయి. సల్ల నీళ్ళు ఎర్ర నల్లాలనే వస్తయి. మిట్టపగలు తానం జేసే ఆడోళ్ళందరికి ఎర్కే."

నేను తెల్లవారకముందే నీళ్ళు పోసుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. శుక్రవారం సెలవైనా అదే అలవాటు.

"మరి పొద్దుగాల చెప్పకపోతివి?"

"నువ్వడిగినవా? నువ్వే నాకు చెప్తివి."

ఓంకార్ కుంటుకుంటూ ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. వంటింటి తలుపు తీయగానే మా మీదికి చల్లని గాలి కొట్టింది. కిటికీలో కూలర్ తిరుగుతోంది. గడ్డి మీంచి నీళ్ళు కారుతున్నాయి. పంపు తన అత్తగారింట్లో హాయిగా కాపురం చేస్తోంది. శ్రీవాణి దాని ఎదురుగా పీట వేసుకుని, అప్పటికే సగం తినేసింది.

"అన్నా, గిది ఏసీ కంటే మంచిగున్నది," అన్నాడు ఓంకార్, కాళ్ళు కూలర్‌కు చూపిస్తూ. నేను చేసిన కూలరది. పొగడ్త మాత్రం దేవవ్వకు పోయింది.

భోజనాలయ్యాక తీర్పు అమలైంది. కంప్యూటర్ వంటింట్లోకి వచ్చింది. రాగి జిలేబీ పీకేసి పాత ఫ్యాను బిగించి, కూలర్ గాలి తగిలే మూలలో పెట్టాను. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా ఆగలేదు. యాకూబ్ చూసి, "నేను మొదలే చెప్పిన, సల్లటి రూమ్‌ల పెట్టుమని," అన్నాడు. అతనికి ఛాయ్ ఇవ్వలేదు. దేవవ్వ ఇచ్చింది.

కొత్త చట్టం కూడా వచ్చింది. ఉల్లిగడ్డలు కోసినవాళ్ళకే పేకాట.

వారం తర్వాత ఓంకార్ ఫోన్ చేశాడు. "అన్నా, కంప్యూటర్ నడుస్తున్నదా?"

"మస్తు," అన్నాను ముక్కు చీదుతూ.

"ఏడుస్తున్నవా?"

"ఉల్లిగడ్డలు."

"కంప్యూటర్‌లనా?"

ఫోన్ పెట్టేశాను.

ఇదీ నా ఫిర్యాదు. పైపు బిగిస్తున్నప్పుడు చూసింది. తెలుసు. ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. ఆమె తీరే అంత. ఊరికి వచ్చేశాక కడుపులో నొప్పి సంగతి కూడా అట్లాగే చెప్పలేదు. ఆస్పత్రిలో, ఎన్నాళ్ళ నుంచి అని డాక్టరు అడిగితే టక్కున చెప్పింది. నాకెందుకు చెప్పలేదని నేనడిగితే, "నువ్వడిగినవా?" అంది.

అడగలేదు. అయినా చెప్పొచ్చు కదా. ఎట్లా వదలమంటారు?

మొన్న పొద్దున మీలో ఎవరో మా ఇంటికి వచ్చి, మేస్త్రీ కళ్ళు ఎర్రగా ఉన్నాయని బజారంతా చెప్పారట. ఉల్లిగడ్డలు. కంప్యూటర్ ఎన్నడో పాత సామానుకు పోయింది. కోసే అలవాటు పోలేదు.