ముందు వరుసలో మా ఆయన

హాస్య పద్యాలు రాసే ఆడదానికి కావలసింది ఛందస్సు కాదు, చమత్కారమూ కాదు. ముందు వరుసలో కూర్చునే మొగుడు!

నవ్వకండి. అంటే, ఇప్పుడే నవ్వకండి. మీ ఎదురుగా మా ఆయన లేరు కదా, ఎవర్ని చూసి నవ్వుతారు?

సభలో నేనో పద్యం చదువుతాను. ‘వంట నేనే చేస్తానంటారు వారు, ఉప్పెక్కడంటారు, గిన్నెక్కడంటారు, చివరికి పొయ్యెక్కడంటారు!’ అని. వెంటనే హాల్లో తలలన్నీ గిరుక్కున మా ఆయన వైపు తిరుగుతాయి. ఆయన నవ్వితే హాలు నవ్వుతుంది. నవ్వకపోతే దగ్గుతుంది. ఎంత సదుపాయమో చూడండి! ఏది హాస్యమో, ఏది కాదో తేల్చుకునే శ్రమ జనానికి లేదు.

మా ఆయన పళ్ళ డాక్టరు. పగలంతా క్లినిక్‌లో నోళ్ళు తెరిపిస్తారు, సాయంత్రం నా సభలో ఓవర్‌టైమ్ చేస్తారు.

ఒకసారి పాపం ఆయనకే పన్ను నొప్పి వచ్చి దవడ పట్టుకుని కూర్చున్నారు. నా పద్యాల్లోకెల్లా కొంటె పద్యాన్ని సభ పరమ విషాదంగా స్వీకరించింది. వెనక వరుసలో ఒక పెద్దాయన కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఇంకోసారి మా ఆయన నోరంతా తెరిచి ఆవలించారు. అది నవ్వేమోననుకుని హాలు హాలంతా గొల్లుమంది. అప్పుడు నేను గ్లాసెత్తి మంచినీళ్ళు తాగుతున్నాను. మంచినీళ్ళు తాగి ఇంతమందిని నవ్వించిన కవయిత్రి ఇంకెవరైనా ఉన్నారా?

సభ అయ్యాక అభినందనలు ఆయనకే. ఎంత ఓర్పండీ మీది అని చేతులు పట్టుకుని ఊపేస్తారు. నన్ను మాత్రం, ఇవన్నీ నేనే రాస్తానా, డాక్టరుగారు కూడా ఓ చెయ్యి వేస్తారా అని ఆరా తీస్తారు. పోయినసారి జ్ఞాపిక కూడా ఆయన చేతిలోనే పెట్టారు. అందులో తప్పేముంది? కష్టపడి నవ్వింది ఆయనే కదా!

ఒక్కటే చిన్న లోటు. ఏళ్ళ తరబడి రాస్తున్నాను గానీ, నా పద్యానికి నవ్వొస్తుందో లేదో నాకే తెలియదు. వండిన మనిషికి ఉప్పు సరిపోయిందో లేదో ఎవరూ చెప్పకపోతే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది.

మొన్నటి సభకు ముందు సాహితీ సంఘం కార్యదర్శి ఎప్పటిలాగే ఫోన్ చేశాడు.

“మేడమ్, సార్ వస్తున్నారు కదా? లేకపోతే కాస్త చప్పగా ఉంటుంది.”

వస్తారన్నాను. తీరా బయల్దేరే వేళకు ఎవరికో పన్ను విరిగిందని కబురొచ్చింది. ఆయన క్లినిక్‌కి పరిగెత్తారు, నేను ఒక్కదాన్నే సభకు వెళ్ళాను. ముందు వరుసలో ఆయన కుర్చీ ఖాళీ! దాన్ని చూస్తూ అక్కడికక్కడే నాలుగు పాదాలు కట్టి చదివేశాను.

పద్యం నాదట, గొంతూ నాదట,
నవ్వుకు తాళం మావారిదట!
తాళంచెవి ఈ పూట రాలేదట,
పళ్ళు బిగించి కూర్చోవాలట!

తలలన్నీ అలవాటుగా తిరిగాయి. కుర్చీలో ఎవరూ లేరు. మగవాళ్ళు నవ్వు బుగ్గన పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుండిపోయారు. సభాధ్యక్షులవారు బాధ్యత తెలిసిన మనిషి. వేదిక మీది నుంచే మా ఆయనకు ఫోన్ కలిపారు. కాసేపు చెవి దగ్గర పెట్టుకుని విని, ఎత్తడం లేదని మైకులో ప్రకటించారు.

“పళ్ళు బిగించి కూర్చోవాలట!” అంటూ రెండో వరుసలోంచి ఒకావిడ ఫక్కున నవ్వింది. అధ్యక్షులవారి భార్య! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, ఎవరి మొహమూ చూడలేదు, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె వెనక ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆ నవ్వు నా పద్యానిదే. మా ఆయనది కాదు.

మరి మగవాళ్ళంటారా? తలలన్నీ గిరుక్కున అధ్యక్షులవారి వైపు తిరిగాయి. పాపం, ఆయనకు నవ్వక తప్పలేదు.

అందుచేత పాఠకులారా, నేను మొదట అన్న మాట మీదే ఉన్నాను. హాస్యం రాసే ఆడదానికి ఎదురుగా ఒక మొగుడు ఉండి తీరాలి. కాకపోతే ఏ సభకు ఎవరి మొగుడన్నది ఇకమీదట నేను ఎంచుకుంటాను.