ముందు సెకండాఫ్

ఇకమీదట తాను చూసిన ప్రతి సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ సినిమా మీద తన అభిప్రాయాన్ని ఇరవై నాలుగు గంటల్లోగా ప్రజలతో పంచుకుంటానని శాస్త్ర విజ్ఞాన శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రజలెవరూ అడగలేదు. అడక్కుండానే ఇంత బరువు నెత్తికెత్తుకునే నాయకులు ఈ రోజుల్లో అరుదు.

ఆ సినిమాలు చూడటానికి ఆయన మా హాలుని ఎంచుకున్నారు. ఆయన ఆఫీసు నుంచి నడిచి రావచ్చు కాబట్టి ఆరు కార్లలో వచ్చేవారు. నేను ఆ హాల్లో పందొమ్మిదేళ్ళుగా ప్రొజెక్టర్ ఆపరేటర్ని. బాల్కనీలో ఎవరు ఏ సీన్‌కి నవ్వారో, ఎవరు ఏ సీన్‌కి గుర్రుపెట్టారో నా గదిలోని చిన్న కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఈ వివరాలు సాధికారంగా రాయగలుగుతున్నాను.

మంత్రిగారి అభిప్రాయాలు పంచడానికి అయిదుగురితో అభిప్రాయ సమన్వయ కమిటీ వేశారు. శాఖ కార్యదర్శి దానికి అధ్యక్షుడు. మంత్రిగారికి ఒక అభిప్రాయం, కమిటీకి మరో అభిప్రాయం ఉండకుండా చూసుకోవడం కమిటీ పని. మొదటి సినిమా డ్రాగన్ల గురించి. డ్రాగన్ భలే అందంగా ఉందని కార్యదర్శి తొందరపడి అనేశారు. నిప్పు కక్కడం వల్ల గాలి పాడవుతుందని మంత్రిగారు అన్నారు. ఆ అందమే అసలు ప్రమాదమని కార్యదర్శి వెంటనే వివరించారు. రెండో సినిమాలో రోబోలు ఎదురు చెప్పవు, సెలవు అడగవు. అది మంత్రిగారికి ఎంత నచ్చిందంటే, ఆ నెలంతా ఆ శాఖలో ఎవరికీ జ్వరం రాలేదు.

మూడో సినిమా దగ్గర నా కొంప మునిగింది.

కథ చిన్నదే. ఒక పిల్ల బడిలో విరిగిన సామాన్లతో ఒక రోబోని తయారు చేస్తుంది. పెద్దయ్యాక దాన్ని వెంటబెట్టుకుని అంతరిక్ష నౌకలో ఎక్కడో దూరపు గ్రహానికి వెళ్తుంది. అక్కడే ముసలిదై చనిపోతుంది. రోబో ఆవిణ్ణి పూడ్చిపెట్టి ఆ పక్కనే కూర్చుండిపోతుంది. అంతే సినిమా. ఫస్టాఫ్ ఒక ఫైలు, సెకండాఫ్ ఒక ఫైలుగా వచ్చింది. మంత్రిగారు పావుగంట ముందే వచ్చేశారు. ఆయన పి.ఏ. నా గదిలోకొచ్చి, ఇంకా మొదలుపెట్టలేదేమని నెత్తి మీద నిలబడ్డాడు. ఆ కంగారులో రెండో ఫైలు నొక్కాను.

పది నిమిషాలకి తప్పు తెలిసింది. కిటికీలోంచి చూస్తే మంత్రిగారు తలాడిస్తున్నారు. ఆయన వెనక అయిదు తలలు ఆడుతున్నాయి. మా హాలు లైసెన్సు ఫైలు అప్పటికి నాలుగు నెలలుగా మంత్రిగారి బల్ల మీదే ఉంది. ఫైలు మార్చబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రోబో ముసలావిణ్ణి పూడ్చిపెట్టింది. ఇంటర్వెల్ ఇచ్చాను. తర్వాత ఆవిడ జడలేసుకుని బడికెళ్ళింది.

మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఏ సినిమా అయినా మొదటిరోజే మా హాల్లో కింద కూర్చుని చూస్తారు, అభిప్రాయం వంటింట్లో చెబుతారు. దానికి కమిటీ లేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగారు.

"అల్లుడుగారూ, ఇవాళ సెకండాఫ్ ముందు వేశారా?"

నేను కంచంలోకి చూస్తూ, అదంతా కొత్తరకం స్క్రీన్‌ప్లే అన్నాను. ఆవిడ చారు వడ్డించారు. మా ఆవిడ మాత్రం ఆ పూట నాకు పెరుగు వడ్డించడం మరిచిపోయింది.

మర్నాడు విలేకరుల సమావేశంలో మంత్రిగారు, ముగింపు ముందు చూపించి ఆరంభం తర్వాత చూపించిన మగాడు ఈ దర్శకుడొక్కడే అన్నారు. మనం ఇన్నాళ్ళూ ముందు పని చేసి తర్వాత ఫలితం చూపించాం, అందుకే అన్నిటికీ ఆలస్యమవుతోంది, ఇకనుంచి ఫలితం ముందు, పని తర్వాత అన్నారు. ఆ వారమే కాలవ మీద వంతెనకి ప్రారంభోత్సవం జరిగింది. ఒడ్డున నిలబడి రిబ్బను కత్తిరించారు. పునాది వచ్చే ఏడాది వేస్తారట. ఒక ఆసుపత్రిలో చేరినవాళ్ళకి చేరిన రోజే డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టారు. సగం జబ్బు అక్కడే తగ్గిపోయిందని కమిటీ తన నివేదికలో రాసింది.

నేను మాత్రం బుద్ధి తెచ్చుకుని మర్నాటి నుంచి సినిమాని సరైన వరుసలో వేశాను. జనం గొడవపెట్టారు. మంత్రిగారు చూసిన సినిమా వేరు, మాకు వేసింది వేరు అన్నారు. శాఖ నుంచి నోటీసు వచ్చింది. మళ్ళీ సెకండాఫ్ ముందు వేయడం మొదలుపెట్టాను. హాలు నిండింది.

ఈ లోపు మా అత్తయ్యగారు హాలు ముందు పెట్టిన అభిప్రాయాల పుస్తకంలో ఒక వాక్యం రాసి, కింద సంతకం కూడా చేశారు. ఫస్టాఫ్ ముందు వేస్తే ఇంకా బాగుంటుందని. మూడో రోజుకల్లా విచారణకి రమ్మని కమిటీ నుంచి కబురొచ్చింది.

ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరారు. నేను వెంట వెళ్ళాను. ఈ వయసులో ఆవిణ్ణి నా తప్పుకి నిలబెట్టడానికి మనసొప్పక, వరండాలో పి.ఏ.ని పక్కకి పిలిచి, ఆ రోజు పొరపాటున ఫైలు మారిందని చెప్పేశాను. అతను అటూ ఇటూ చూశాడు.

"ఆ తప్పు మీదని ఒప్పుకుంటే, దాన్ని మెచ్చుకున్న తప్పు ఎవరిదవుతుంది?"

"మంత్రిగారిది."

"ఆయన తప్పు చెయ్యరు కదా. కాబట్టి మీరూ చెయ్యలేదు. ఇంకెప్పుడూ చెయ్యకండి."

లోపల, నేను గుమ్మంలోంచి చూస్తుండగా, కార్యదర్శి మా అత్తయ్యగారికి కుర్చీ వేయించి, ప్రభుత్వ అభిప్రాయంతో మీకున్న విభేదం ఏమిటని మర్యాదగా అడిగారు. విభేదం ఏమీ లేదు, సినిమా చాలా బాగుందని ఆవిడ చెప్పారు. తర్వాత చీర కొంగు సర్దుకుని, వంటింట్లో చెప్పినట్టే చెప్పారు.

"ఆ పిల్ల వేళ్ళు కోసుకుపోయినా మానకుండా ఆ రోబోని చేస్తుంది బాబూ. రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. అదంతా చూశాక, చివర్లో అదే రోబో ఆవిడ మీద మట్టి కప్పుతుంటే మనకి కన్నీళ్ళు ఆగవు. ముందే కప్పేస్తే ఏముంది, ఎవరో ముసలావిడ పోయింది అనుకుంటాం."

కమిటీలోని ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కార్యదర్శి పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. చివరికి ఈ ప్రేక్షకురాలికి శిక్షణ అవసరమని రాసి పంపించేశారు.

ఆ సాయంత్రం ప్రొఫెసర్ ఫోన్ చేశారు. పొద్దున్నే, హాలు తెరవకముందు, పరిశోధన నిమిత్తం, ఆవిడ చెప్పిన వరుసలో ఒక్కసారి వేయగలరా అని. ఎవరికీ తెలియకూడదన్నారు. సరేనన్నాను. అరగంటకి కార్యదర్శి చేశారు. ఆయనదీ పరిశోధనే. తర్వాత పి.ఏ. ఆఖర్న ఒక గొంతు పేరు చెప్పలేదు గానీ, ఆ దగ్గు నేను టీవీలో చాలాసార్లు విన్నాను.

మర్నాడు ఏడు గంటలకి ఒక్కొక్కరినీ చీకట్లో ఒక్కో వరుసలో కూర్చోబెట్టాను. అందరికంటే వెనక, నా కిటికీ కిందే, మంకీ క్యాప్‌తో మంత్రిగారు. ఆయన పక్క సీట్లో మా అత్తయ్యగారు. ఆవిడ ఎవరి అనుమతీ అడగలేదు. ఫస్టాఫ్ ముందు వేశాను. ఆ నౌక ఎందుకు తిరిగి రాదని మంత్రిగారు రహస్యంగా అడుగుతుంటే ఆవిడ ఓపిగ్గా చెబుతున్నారు. చివరికి రోబో మట్టి కప్పుతున్నప్పుడు ఆయన మంకీ క్యాప్ తీసి ముఖం తుడుచుకున్నారు. ముందు వరుసల్లోనూ ఎవరెవరో ముక్కులు చీదారు. నా కళ్ళూ సరిగా కనిపించక, చెయ్యి అలవాటుగా లైట్లు వేసేసింది.

అందరూ అందరినీ చూసుకున్నారు.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. ఈ వరుసలో సినిమా ఎంత అయోమయంగా ఉందో కమిటీ స్వయంగా తనిఖీ చేసినందుకు అభినందించారు. దీన్ని ప్రజలకి చూపించకూడదని అక్కడికక్కడే తీర్మానించారు. కళ్ళు తుడుచుకుంటూనే అందరూ చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక ఆయన వెనక మెట్ల మీదుగా నా గదికి వచ్చారు. ఆ రోబో తర్వాత ఏమైందో, దీనికి రెండో భాగం ఉందో లేదో కనుక్కోమన్నారు.

"ఉంటుందటండి. ఇంకా షూటింగ్ మొదలవలేదట."

"ఫరవాలేదు. నా అభిప్రాయం రేపు పేపర్లో ఇచ్చేస్తాను."

ఇచ్చారు. మొదటి పేజీలో, ఫోటోతో సహా. రెండో భాగం మొదటిదాన్ని మించిపోయిందట. మా అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, పేపరు తిరగేసి మళ్ళీ చదివారు.

"అల్లుడుగారూ, ఆ రోబో ఇంకా అక్కడే కూర్చుని ఉందా, లేచిందా? ఇందులో ఎక్కడా రాయలేదే?"