పద్నాలుగో మడి హాజరు

ఆ ఆదివారం ఉదయం రిటైర్డ్ నర్సు పెట్టుకున్న పనులు రెండే: టమాటా మొక్కలకు నీళ్లు పోయడం, తోటసంఘం కార్యదర్శికి నిజం చెప్పడం. మొదటిది సులువు.

ఊరి చివరి పొలం భవనాల పాలు కాకుండా కాలనీవాళ్లు దాన్ని నలభై మడులుగా పంచుకుని సాగు చేస్తున్నారు. ఒక్కో మడి ఒక్కరి పేరనే ఉంటుంది, ప్రతి ఆదివారం ఆ మనిషి వచ్చి హాజరు వేయించుకోవాలి. ఆ మనిషి మరణిస్తే వరుసలో వేచి ఉన్నవారికి పోతుంది. పద్నాలుగో మడి ఆమె భర్తది. ఆయన సొంతూళ్లో కాలం చేసి నాలుగు నెలలైంది, తోటలో ఎవరికీ తెలియదు. ఆయన నాటిన నిమ్మమొక్క ఇప్పుడే పూతకొచ్చింది. ఇన్నాళ్లూ ఆ మాట ఆమె గొంతు దాటనిది అందుకే.

"కార్యదర్శి గారూ, మా ఆయన గురించి..."

"నేనే చెబుతానమ్మా! పదహారు వారాలుగా ఒక్క ఆదివారం మానలేదు. కానీ మనిషికి అంత పొగరెందుకు? మా బావమరిది మూడుసార్లు నమస్కారం పెడితే తల తిప్పలేదట!"

ఆమె మడి వైపు చూసింది. పిట్టల కోసం పాతిన దిష్టిబొమ్మకు ఆయన కోటూ టోపీ తొడిగింది తనే. కార్యదర్శి గేటు దగ్గరి కుర్చీలోంచి లేవకుండానే హాజరు వేస్తాడన్నది అందరికీ తెలిసిందే.

"ఆయన మాట్లాడరండీ," అంది చివరికి.

"మేం మాట్లాడిస్తాంగా!" అన్నాడు కుర్చీ పక్కనే నిలబడ్డ బావమరిది. వేచి ఉన్నవారి వరుసలో మొదటి పేరు అతనిదే. "క్షమాపణ చెప్పకపోతే మడి రద్దు. నోటీసు రాయి బావా."

"ఆగండి, నా మాట వినండి" అంటూ ఆమె వెంటపడేలోగా సభ్యులంతా మడి గట్టు మీద, ఆ కోటు వెనక మూగారు. కార్యదర్శి నోటీసు బిగ్గరగా చదివాడు. జవాబు లేదు.

"చూశారా నిర్లక్ష్యం!" అంటూ బావమరిది వెనకనుంచి చెయ్యి పట్టి గుంజాడు. చెయ్యి ఊడి వచ్చింది. అతను కెవ్వుమన్నాడు. గుప్పెడు గడ్డి రాలింది.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ముందుగా తేరుకున్నది బావమరిదే.

"అయితే మడి నాదేగా?"

"ముందు హాజరు పుస్తకం తెరవండి," అంది ఆమె, ఒకప్పుడు ఆసుపత్రి వార్డులో వాడే గొంతుతో. "అందులో రాసింది నిజమైతే ఆయన బతికున్నట్టే, మడి మాదే. అబద్ధమైతే రాసినవారు ఆ కుర్చీలో ఉండకూడదు. నాలుగు నెలలు నోరు మూసుకున్నందుకు నాదీ తప్పుంది, అదీ రాయండి. ఏదో ఒకటి ఇప్పుడే తేల్చండి."

అందరి చూపూ కార్యదర్శి మీదికి మళ్లింది. తేలు కుట్టిన దొంగలా అతను కళ్లజోడు తుడుచుకుని, పద్నాలుగో మడికి ఎదురుగా ఆమె పేరు రాశాడు.

"బావా!" అన్న ఆక్రోశం గాలిలో కలిసింది.

సాయంత్రం ఆమె దిష్టిబొమ్మకు ఊడిన చెయ్యి తిరిగి కుట్టింది. ఆ సంఘంలో ఇంతవరకు అబద్ధమాడని సభ్యుడు ఆయనొక్కడే.